ఇరవై అయిదు చుక్కలు

గోడ మీద ముగ్గేమిటమ్మా అని ఇంటావిడ అడిగి వెళ్లి గంటన్నర అయింది. ఆ గంటన్నరా స్వరూప పొయ్యి వెలిగించలేదు.

నిజానికి ఇంటి యజమానురాలు బాలత్రిపురసుందరి గారు ముగ్గు చూడడానికి రాలేదు. పై వాటా బాత్‌రూమ్ నీళ్లు కింది గోడకు దిగుతున్నాయని ప్లంబరు చెబితే, చెమ్మ ఎంతదాకా వచ్చిందో చూద్దామని వచ్చారు. ముందు గదిలో వేలాడుతున్న దేశపటాన్ని తీసి కుర్చీ మీద పెట్టారు. పటం వెనక చెమ్మ లేదు. పెన్సిలుతో కొట్టిన గళ్లు, గళ్ల మూలల్లో ఎర్రటి చుక్కలు ఉన్నాయి. అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు.

“రంగు వేయించి ఏడాది కూడా కాలేదమ్మా. ముగ్గులు వాకిట్లో వేసుకుంటారు గానీ గోడల మీద వేస్తారా?” అన్నారావిడ. పదిరోజుల కిందట ఇదే గుమ్మంలో నిలబడి నాలుగు లడ్డూలు పుచ్చుకుని, “మీ తమ్ముడి కన్ను బాగుపడిందటగా, చల్లటి మాట చెప్పావు,” అన్నది కూడా ఆవిడే.

 ఆ చుక్కలు ఎక్కడివో చూసిన మరుక్షణమే స్వరూపకు తెలిసిపోయింది. నారాయణగూడ కంటి క్లినిక్‌లో, చీకటి గదిలో, నల్లబోర్డు మీద అవే గళ్లు, అవే చుక్కలు. తమ్ముడు శ్రీనాథ్‌కు ఒక కంటికి ఎర్రద్దం, ఒక కంటికి పచ్చద్దం పెట్టి, చేతికి పచ్చలైటు టార్చి ఇచ్చి, బోర్డు మీద వెలిగిన ఎర్రచుక్క మీద పచ్చచుక్కను పెట్టమన్న రోజు తను పక్కనే నిలబడి ఉంది. దెబ్బ తగిలిన కన్ను ఎటు ఎంత తిరుగుతోందో, ఎక్కడ ఆగిపోతోందో ఆ రెండు చుక్కల మధ్య తేడాతోనే కొలుస్తారట. ఆ రోజు పై వరుస చుక్కలన్నీ కిందికి జారిపోయాయి.

పదిరోజుల కిందట కొలిచినప్పుడు మాత్రం ఒక్క చుక్క కూడా జారలేదు. డాక్టరుగారు కాగితం చూసి, ఇక రెండో ఆపరేషన్ అక్కర్లేదన్నారు. కన్ను బాగుందని ఉత్తరం రాసిచ్చారు. ఆ సంతోషంలోనే స్వరూప చిక్కడపల్లి స్వీటు షాపులో కిలో లడ్డూలు కొంది.

“టిఫిన్ డబ్బ పంపలేవేంది? పదకొండయింది,” అంటూ స్వరూప మొగుడు రమాకాంత్ చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. సందు చివర జెరాక్సు షాపు అతనిది. కుర్చీ మీద దేశపటాన్ని చూశాడు. గోడను చూశాడు. తర్వాత టిఫిన్ మాట ఎత్తలేదు.

“ఇవి నువ్వు గీసినయేనా?” అంది స్వరూప.

అతను జేబులోంచి షాపు తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. మళ్లీ తీసి జేబులో వేసుకున్నాడు.

“మా తమ్ముడు గీసిండని చెప్పకు. వాడు సీదా గీత గియ్యలేడు. చిన్నప్పటిసంది చూస్తున్న.”

“నేనే గీసిన.”

“ఎందుకు?”

“మొదటి రిపోర్టు మన కాడనే ఉండె గద. పెద్ద సైజుల జెరాక్సు తీసిన. గోడకు అంటించి చుక్కలు దింపిన.” అప్పుడు అసలు జవాబు చెప్పాడు. “ప్రాక్టీసుకు.”

ఉద్యోగ పరీక్షల కోచింగ్ సెంటర్లతో నిండిన ఆ అశోక్‌నగర్‌లో ఆ మాటకు ఎవరూ ఉలిక్కిపడరు. ఆ సందుల్లో ప్రాక్టీసు చెయ్యకుండా ఎవరూ దేనికీ వెళ్లరు. పాత పేపర్లు, మోడల్ పేపర్లు, వాటి జవాబుల కీలు రమాకాంత్ షాపులో పొద్దస్తమానం వేడివేడిగా మిషన్లోంచి బయటికొస్తూనే ఉంటాయి. పన్నెండేళ్లుగా వాటి మధ్యే బతుకుతున్న మనిషికి ఒక నమ్మకం కుదిరిపోయింది. ఏ పరీక్షకైనా పాత పేపరు ఒకటి ఉంటుంది, దానికో కీ ఉంటుంది, కీ బట్టీ పట్టినవాడు బయటపడతాడు. బామ్మర్ది కంటికి కూడా పాత పేపరు దొరికింది. ఇంకేం ఆలోచిస్తాడు!

“ఎట్ల నేర్పినవ్?”

“ఎర్ర, పచ్చ జిలెటిన్ కాగితాలు పెట్టి అద్దాలు చేసిన. పై వరుస వచ్చినప్పుడు రెండు చుక్కలు కలిసినట్టు కనవడంగనే వాడు ఆగొద్దు. ఇంక రెండు వేళ్లు పైకి జరపాలె. దాని కింది వరుసకు ఒక వేలు. అద్దాలు మార్చినప్పుడు ఉల్టా చెయ్యాలె. నేను ఎనక నిలబడి చెప్తుంటి. పదిహేను రోజులు పట్టింది. ఆఖరుకు ఇరవై అయిదుకు ఇరవై అయిదు.”

చివరి మాటలో కాస్త గర్వం కూడా దొర్లింది. దొర్లిన సంగతి అతనికే ముందు తెలిసి తల దించుకున్నాడు.

స్వరూపకు ఒళ్లు మండిపోయింది. సాయంత్రాలు తను బాగ్ లింగంపల్లిలో ట్యూషన్లు చెప్పి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉండడం, లోపల లైటు లేకపోవడం ఆమెకు గుర్తొచ్చాయి. కంటికి విశ్రాంతి ఇస్తున్నారనుకుంది. ఎంత వెర్రిదాన్ననుకుంది.

“డాక్టర్ ఏమన్నడు? మూడు నెల్లకు గూడ కన్ను పైకి లేవకుంటే మళ్ల తెరుస్త అన్నడు. ఇరిగిన ఎముకల కండ ఇరుక్కొని ఉంటది, ఇప్పుడైతే ఇడిపియ్యొచ్చు, లేటయితే గట్టిపడ్తది అన్నడు. నువ్వు ఇన్నవా లేదా?”

“ఇన్న.”

“ఇని ఈ పని చేసినవా?”

“మళ్ల తెరిస్తే రెండు నెలలు మంచం. మెడికల్ టెస్టు వచ్చే నెల. రాతపరీక్ష పాసయిండు, రన్నింగ్ పాసయిండు. ఎస్సై కావాలని మూడేండ్లు హాస్టల్ల, మన ఇంట్ల ఏం తిన్నడో ఎట్ల పన్నడో నీకు తెల్వదా? ఆఖరుకు వచ్చి ఒక్క చుక్క కాడ ఆగిపోవాల్నా?”

“కన్ను పోతే?”

“నౌకరి పోతే నా వల్ల పోయినట్టు గాదా?” రమాకాంత్ గొంతు ఒక్కసారిగా లేచింది. “బండి నడిపింది నేను, స్వరూపా.”

ఆ మాట ఇంట్లో పైకి వినబడడం అదే మొదటిసారి. మూడున్నర నెలల కిందట, వాన తుంపరలో, నారాయణగూడ ఫ్లైఓవర్ దిగుతుండగా బండి జారింది. నడిపినవాడికి మోచెయ్యి గీసుకుపోయింది. వెనక కూర్చున్న శ్రీనాథ్ ముఖం డివైడరుకు కొట్టుకుని ఎడమకంటి కింది ఎముక విరిగింది. లోపల చిన్న పలక వేసి కుట్టారు.

“నువ్వు ఒక్క మాట అన్లే. ఎంత స్పీడుల పోయినవని అడగలే. అన్నం పెట్టినవ్, బట్టలు ఉతికినవ్, మందులు తెచ్చినవ్. తిడితే అయిపోవు. తిట్టలే.”

స్వరూప మంచం అంచున కూలబడింది. అడగకపోవడం తన మంచితనమనుకుంది ఇన్నాళ్లూ. మనసులో మాత్రం వంద సార్లు అడిగింది. అడిగిన ప్రతిసారీ మొగుడి ముఖం చూడకుండా కంచం పెట్టి లేచి వెళ్లిపోయింది. అది అతనికి తెలియకుండా ఉంటుందా? ఆమెకు సిగ్గేసింది. కోపం మాత్రం పోలేదు.

ఒంటిగంటకు లైబ్రరీ నుంచి శ్రీనాథ్ అన్నానికి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

“అక్కా, బావను ఏమనకు. చెయ్యమని నేనే అన్న.”

“నువ్వనలే. నేనే చెప్పిన,” అన్నాడు రమాకాంత్.

“ఇద్దరూ మంచోల్లే. నేనే పాపిష్టిదాన్ని,” అంది స్వరూప. “కూసో. నిజం చెప్పు. పైకి చూస్తే ఎట్ల కనవడ్తది?”

శ్రీనాథ్ కూర్చోలేదు. పుస్తకాల సంచీ భుజానికే ఉంది.

“పైకి చూస్తె రెండు. గంతే. ఎదురుంగ చూస్తె ఒక్కటే, కిందికి చూస్తె ఒక్కటే. చదువుకుంటలేనా? రోడ్డు దాటుతలేనా? పోలీసోల్లు ఆకాశం దిక్కు చూసుకుంట నడుస్తరా అక్కా?”

“దొంగ గోడ ఎక్కితే? కింద నిలబడి ఎంతమందిని పట్టుకుంటవ్?”

రమాకాంత్‌కు నవ్వు రాబోయి ఆగిపోయింది.

“నీ చేతిల తుపాకి పెడ్తరు రేపు. ఇద్దరు కనవడ్తె ఎవన్ని కొడ్తవ్ రా? వాని పక్కన ఏ తల్లో పిల్లో ఉంటే?”

 శ్రీనాథ్ గోడ వైపు తిరిగాడు.  పైన ప్లంబరు గోడ కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“ఒక్క నెల ఆగు అక్కా,” అన్నాడు చివరికి.  “మెడికల్ అయిపోంగనే నేనే పోయి డాక్టర్‌కు చెప్త. అన్ని చెప్త. ఆపరేషన్ చేయించుకుంట. ఇప్పుడు గిట్ల చెప్తే అంత మొదటికొస్తది. మళ్ల నోటిఫికేషన్ ఎప్పుడు పడ్తదో ఎవలకు తెలుసు? నాకు అప్పటికి ఏజ్ ఉంటదా?”

 వాడు అడుగుతున్నది అన్యాయమైన కోరికేం కాదు. మూడేళ్లుగా తెల్లారకముందే లేచి పరుగెత్తిన కాళ్లవి. ఆ కాళ్లకు ఇప్పుడు ఆగమని చెప్పేది తనే కావాలా అనుకుంది స్వరూప.

“నేను అడ్డం రాను,” అంది నెమ్మదిగా. “మెడికల్‌కు పోతవో, ఆపరేషన్ చేయించుకుంటవో నువ్వే చూసుకో. ఇరవై ఆరేండ్లోనివి. కానీ కన్ను ఎట్ల ఉన్నదో తెల్వకుండ ఎట్ల చూసుకుంటవ్? నీకు తెల్వదు, నాకు తెల్వదు, డాక్టర్‌కు అసలే తెల్వదు. ఈ రోజే పోదాం. సక్కగ కొలిపిద్దాం. తర్వాత నీ ఇష్టం.”

“కొల్చినంక మెడికల్ల ఆ సంగతి దాయనిస్తరా?”

“అది నాకు తెల్వదు రా. నేను అబద్ధం చెప్ప.”

శ్రీనాథ్ సంచీ దించి గోడవారగా పెట్టాడు. ఒప్పుకున్నాడనడానికి అదొక్కటే గుర్తు. రమాకాంత్ లేచి చెప్పులేసుకున్నాడు. “ఆటో పిలుస్త,” అన్నాడు.

ముగ్గురూ ఒకే ఆటోలో, ముగ్గురూ మూడు వైపులు చూస్తూ వెళ్లారు. ఎక్కినవాళ్లు ఒకరికొకరు తెలియనివాళ్లేమో అన్నట్టు ఆటోవాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

క్లినిక్‌లో కూర్చున్న నళినిగారు డాక్టరు కాదు. కళ్ల కదలికలు కొలిచే పని ఆమెది. యాభై దాటిన మనిషి, గుంటూరు వైపు మాట. పోయిన నెలంతా కూతురి పురిటికని సెలవులో ఉన్నారు. పదిరోజుల కిందటి కొలత కొత్తగా చేరిన అమ్మాయి తీసింది.

వీళ్లు కూర్చున్నారో లేదో ఆవిడ ఫైలులోంచి ఆ కాగితమే పైకి తీశారు.

“మీకు ఫోను చేద్దామనే అనుకుంటున్నానమ్మా. నిన్ననే వచ్చి ఇది చూశాను. మొదటి చార్టు నేను తీసిందే కదా, పై వరుస అంతా కిందికి దిగిపోయింది. ఇది చూడండి, రూళ్లకర్ర పెట్టి గీసినట్టుంది. ఏ దెబ్బా తగలని నా కళ్లు కొలుచుకున్నా ఇంత చక్కగా రాదు. మామూలు మనుషులకి కూడా అక్కడొకటి ఇక్కడొకటి కాస్త తప్పుతుంది.”

శ్రీనాథ్ నోరు తెరవబోయాడు. రమాకాంత్ ముందే లేచి నిలబడ్డాడు.

“నేనే నేర్పిన మేడం.”

నిలబడే అంతా చెప్పాడు. జెరాక్సు సంగతి, గోడ సంగతి, రెండు వేళ్ల సంగతి. చెబుతున్నంతసేపూ భార్య వైపు గానీ బామ్మర్ది వైపు గానీ చూడలేదు. ఆ మాటలు వింటుంటే స్వరూపకు మొదటిసారి మొగుడి మీద జాలి కలిగింది. ఇంట్లో అరిచిన మనిషి ఇక్కడ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అంటే పేపరు లీకైందన్నమాట,” అన్నారు నళినిగారు.

ఎవరూ నవ్వలేదు.

“కూర్చోండి. ఇది పరీక్ష కాదండీ. ఇందులో పాసూ లేదు, ఫెయిలూ లేదు. కన్ను వెనక ఏ కండ ఎక్కడ పట్టేసిందో బయటికి కనిపించదు కదా. డాక్టరుగారు స్కాను చూస్తారు, ఈ కాగితం చూస్తారు. తెరవాలా వద్దా అని ఆలోచించేది అప్పుడే. మీరు ఆయనకి తప్పుడు అడ్రసు ఇచ్చారు. పాపం, ఆయన అక్కడికే వెళ్లి తలుపు కొట్టారు.”

“మళ్ల కొలువుండ్రి మేడం. నిజమే చెప్త,” అన్నాడు శ్రీనాథ్.

చీకటి గదిలో గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. అద్దాలు పెట్టారు. టార్చి చేతికిచ్చారు. బోర్డు మీద ఎర్రచుక్క వెలిగింది. శ్రీనాథ్ పచ్చచుక్కను దాని దగ్గరికి తీసుకెళ్లాడు. మధ్య వరుస అయింది, కింది వరుస అయింది. పై వరుస మొదలుపెట్టాక నళినిగారి పెన్సిలు నెమ్మదించింది. మూడో చుక్క దగ్గర ఆగిపోయింది.

“శ్రీనాథ్, మళ్లీ రూళ్లకర్ర వచ్చింది.”

“ఏం రా ఇది!” స్వరూప గోడవార కుర్చీలోంచి లేచింది. “నిజం చెప్త అని వచ్చి మళ్ల గదే పనా?”

“ఒట్టక్కా! నేను చేస్తలేను.” వాడి గొంతులో భయం ఉంది. “కలిసిన కాడ ఆపుదామనే చూస్తున్న. చెయ్యి ఆగుతలేదు. ఏడ కలిసినట్టో, ఏడ జరపాల్నో... నాకే సమజైతలేదు మేడం.”

నళినిగారు అతని చేతిలోంచి టార్చి తీసుకున్నారు. ఆవిడ నమ్మినట్టు స్వరూపకు అర్థమైంది. అందుకు ఇంకా భయం వేసింది. అబద్ధం చెప్పేవాణ్ని నిలదీయొచ్చు. నిజం చెప్పాలనుకుని చెప్పలేకపోతున్నవాణ్ని ఏం చేయాలి?

“పదిహేను రోజులు రోజూ అదే చేయించారు కదా. చెయ్యికి పాఠం వచ్చేసింది,” అన్నారు నళినిగారు. “సరే. చెయ్యి ఒళ్లో పెట్టుకో. దానికి ఈ పూట సెలవు. అద్దాలు తీసెయ్. రెండు కళ్లూ తెరిచి ఉంచు, తల కదపకు. నేను చిన్న లైటు ఎదురుగా పెట్టి మెల్లగా పైకి తీసుకెళ్తాను. ఒక్కటిగా ఉన్నది ఎక్కడ రెండయితే అక్కడ ‘రెండు’ అను. నువ్వు అన్నచోట గుర్తు పెడతాను. అంతే పని.”

మొదటిసారి ఇలా చేసినప్పుడు లైటు కనుబొమ్మ దాటి బెత్తెడు పైకి వెళ్లాక వాడు ‘రెండు’ అన్నాడు. స్వరూపకు బాగా గుర్తు. ఈసారి ఇంకాస్త పైన అంటే చాలు దేవుడా అనుకుంది. కొంచెం పైన అన్నా చాలు. అప్పుడు ఆపరేషన్ అక్కర్లేదంటారేమో. నౌకరీ, కన్నూ రెండూ దక్కుతాయేమో. అంత కోపంలోనూ ఆమెకు ఆశ పుట్టింది.

గదిలో సన్నటి లైటు ఒక్కటే వెలిగింది.

 శ్రీనాథ్ ఆ లైటునే చూస్తూ కూర్చున్నాడు. నళినిగారు తొందరపెట్టలేదు. పక్క గదిలో ఎవరికో అక్షరాలు చదివిస్తున్నారు. రమాకాంత్ కుర్చీ చేతిని పట్టుకున్నాడు.

“రెండు,” అన్నాడు శ్రీనాథ్.

నళినిగారు గుర్తు పెట్టలేదు.

“నేనింకా లైటు పైకెత్తలేదు బాబూ.”

“తెలుసు మేడం.”

“ఎదురుగానే ఉంది.”

“తెలుసు. ఎదురుంగనే రెండు.”

 మధ్యాహ్నం స్వరూప ముఖంలోకి చూసి ఎదురుంగ ఒక్కటే అన్నాడు. చదువుకుంటలేనా అన్నాడు. ఆ చదువు ఎలా సాగుతోందో, ఒక కన్ను మూసుకుని ఎన్ని గంటలు కూర్చుంటున్నాడో ఎవరికి తెలుసు!

“ముందు ఇలా లేదు కదా. ఎప్పట్నుంచి?” నళినిగారి గొంతులో ఇప్పుడు వేళాకోళం లేదు.

“ఇరవై రోజులైతది.”

ఇరవై రోజులు. స్వరూప వెనక్కి లెక్కేసింది. అప్పటికి గోడ ముందు ప్రాక్టీసు మొదలై అయిదు రోజులే. కన్ను చెడుతోందని తెలిసీ వాడు మిగిలిన పదిరోజులూ, మధ్య వరుసను కూడా సొంతంగా సర్దుకుంటూ, ఆ చుక్కల మీద టార్చి పెడుతూనే ఉన్నాడు. లడ్డూ తింటున్నప్పుడు కూడా వాడికి తెలుసు.

రమాకాంత్ కుర్చీలోంచి లేచాడు. చీకట్లో కాలికి స్టూలు తగిలింది.

“నేను ఎనకనే ఉన్న గదరా,” అన్నాడు. “రోజూ నీ ఎనకనే నిలబడి ఉన్న. నాకెందుకు చెప్పలే?”

శ్రీనాథ్ తల కదపలేదు. కదపొద్దన్నారని గడ్డం అలాగే ఆనించి, ఎదురుగా ఉన్న లైటునే చూస్తూ చెప్పాడు.

“బండి మీదికెల్లి పడ్డనాటి సంది రెండున్నర నెలలు నువ్వు నా మొకం దిక్కు చూడలే బావా. ఒక్క మాట మాట్లాడలే. ఆ గోడ కాడనే మళ్ల మాట్లాడినవ్. చెప్తే అది గూడ బందు చేస్తవనుకున్న.”

నళినిగారు లైటు ఆర్పారు. డాక్టరుగారిని పిలవడానికి ఆవిడ తలుపు తీసి వెళ్లేదాకా ఆ ముగ్గురిలో ఎవరూ కదల్లేదు.